అడవి పుట్టగొడుగుల డీఎన్ఏ చదవబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

ఈ వానాకాలం అడవి పుట్టగొడుగులు సేకరించి, వాటి డీఎన్ఏ సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాల వరుసను చదవడం) చేయించాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. ల్యాబ్‌కు పంపే ముక్క కంటే నీ దగ్గర మిగిలే ఎండు నమూనాకే ఎక్కువ విలువ ఉందన్న సంగతిని మొదటే మనసులో పెట్టుకో. 2014లో లండన్‌లోని క్యూ ఉద్యానవన శాస్త్రవేత్తలు చైనా నుంచి వచ్చిన ఎండు పోర్చిని (ఒక రకం తినే పుట్టగొడుగులు) పొట్లం ఒకటి అంగట్లో కొని, అందులోని 15 ముక్కలను పరీక్షిస్తే, శాస్త్రానికి అంతవరకూ తెలియని మూడు జాతులు బయటపడ్డాయి. (వాటిని అడవిలో ఏరి అమ్మినవారికి అవేమీ కొత్తవి కావనుకో.) కానీ అవి ఏ చెట్టు కింద, ఎలాంటి నేలలో పెరిగాయో ఆ పొట్లం చెప్పలేదు. నీ నమూనా చెప్పాలి.

అందువల్ల కోసే ముందే గొడుగు పైభాగాన్నీ, అడుగునున్న మొప్పలనూ, కాడనూ ఫొటో తీసి, పక్కనున్న చెట్ల పేర్లూ, వాసనా, కోసినచోట మారిన రంగూ రాసుకో. కాడను పీకకు, తవ్వి తీయి. మన చెదపుట్టల మీద మొలిచే టెర్మిటోమైసిస్ కాడకు అడుగున వేరులాంటి భాగం గూటిదాకా దిగి ఉంటుంది, పీకితే అది తెగి నేలలోనే ఉండిపోతుంది. అమానిటా అనే పుట్టగొడుగుల కాడ మొదట్లో ఉండే సంచీ గతి కూడా అంతే. గొడుగును విరిచి, బయటి గాలి సోకని లోపలి కండ నుంచి బియ్యపుగింజంత ముక్కను డీఎన్ఏ కోసం తీసి, మిగతాదంతా అదే రోజు సుమారు 40 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, రెండింటికీ ఒకే సంఖ్య వెయ్యి.

శిలీంధ్రాల గుర్తింపుకు 2012లో ప్రతిపాదించిన ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగంతోనే మొదలుపెట్టు. అయితే కాంతరెల్లస్ వంటి పుట్టగొడుగు ప్రజాతుల్లో అది మరీ పొడుగ్గా ఉండి పీసీఆర్‌కు (డీఎన్ఏ నకళ్లు తీసే పద్ధతికి) సరిగా లొంగదు కాబట్టి, అక్కడ టీఈఎఫ్1 జన్యువును ఎంచుకోవడం మేలు. ఫలితం వచ్చాక సీక్వెన్సుల డేటాబేస్ చూపిన మొదటి పేరును అలాగే రాసేయకు, ఎందుకంటే అక్కడి సీక్వెన్సులలో చాలావాటికి తప్పు పేర్లున్నాయి, పైగా మన అడవుల జాతులను యూరప్ పేర్లతో పిలవడం పాత అలవాటు. ప్రామాణిక నమూనా (ఆ జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన నమూనా) నుంచి తీసిన సీక్వెన్సు ఉంటే దానితోనే పోల్చు. తేడా కనిపించినా వెంటనే కొత్త జాతి అని ప్రకటించక, వేర్వేరు చోట్ల నుంచి మరికొన్ని నమూనాలు తెచ్చి, మరో జన్యువు కూడా అదే మాట చెబుతుందేమో చూసి, సూక్ష్మదర్శిని కింద సిద్ధబీజాల (స్పోర్ల) పరిమాణాన్ని కొలిచి చూడు.

నమూనాలను ఏదైనా హెర్బేరియంలో (ఎండు నమూనాలను భద్రపరిచే చోట) అప్పగించి, అక్కడ ఇచ్చిన సంఖ్యను జెన్‌బ్యాంక్ అనే డేటాబేస్‌లో సీక్వెన్సు పెట్టేటప్పుడు తప్పక జోడించు.

ఇట్లు,
మీ మామయ్య