ఎక్కడ ఆగాలో ముందు చెప్పు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. అమెరికాలోని అనాపొలిస్‌లో పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ కొనుక్కుని, డెక్ (పడవ పైతలం) మీద 5200 అనే గమ్‌తో అతికించిన రెయిలింగ్ స్తంభాల బేస్‌ప్లేట్లు ఎలా ఊడదీశావో తెలుగులో రాయాలనిపించడమే నాకు పెద్ద సంతోషం. చేతిపని గురించి ఓపిగ్గా రాసేవాళ్లు మనకు తక్కువ. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకు.

"స్క్రూలన్నీ తీసేశాక పుట్టీ కత్తి దూర్చి గట్టిగా పైకెత్తాలి" అని రాశావు. నాలుగు పేరాలు దాటాక, "జెల్‌కోట్ ఊడొచ్చే ప్రమాదం ఉంది, జాగ్రత్త" అన్నావు. జెల్‌కోట్ అంటే డెక్ పైనుండే నున్నటి గట్టి పూత. ఇలాంటి వ్యాసాన్ని ఎవరూ పడక్కుర్చీలో కూర్చుని చివరిదాకా చదవరమ్మా. ఫోను డెక్ మీద పెట్టుకుంటారు, ఒక వాక్యం చదువుతారు, ఆ పని చేస్తారు, మళ్లీ ఫోను చూస్తారు. నీ హెచ్చరిక దగ్గరికి వచ్చేసరికి ప్లేటు వాళ్ల చేతిలో ఉంటుంది, దాని అడుగున అరచేయంత జెల్‌కోట్ పెచ్చు కూడా ఉంటుంది. పైకెత్తమని చెప్పే ముందే ఎక్కడ ఆగాలో చెప్పాలి. ప్లేటు చుట్టూ డెక్ ఉబ్బుతున్నట్టు కనిపించినా, చిటపట చప్పుడు వినిపించినా చెయ్యి తీసెయ్యమని మొదటి పేరాలోనే రాయి.

ఎందుకు ఆగాలో కూడా అక్కడే చెప్పెయ్. 5200 అనేది 3ఎం కంపెనీ చేసే పాలీయురేథేన్ గమ్. గాలిలోని తేమ పీల్చుకుని గట్టిపడుతుంది. పైపైన ఆరడానికి రెండు రోజులు, పూర్తిగా బిగియడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది. ఆ తర్వాత దాని పట్టు చదరపు అంగుళానికి దాదాపు 700 పౌండ్లు. విప్పాల్సి వచ్చే చోట్ల వాడుకోమని అదే కంపెనీ అమ్మే 4200 అనే గమ్‌కి ఇందులో దాదాపు సగం పట్టే ఉంటుంది. ఇక ప్లేటు కింద ఉన్నదేమిటి? అర మిల్లీమీటరు మందం జెల్‌కోట్, దాని కింద ఫైబర్‌గ్లాస్ పొర, ఇంకా కింద బాల్సా చెక్క. తిన్నగా పైకి లాగితే వీటిలో ఏది బలహీనంగా ఉంటే అది ముందు చిరుగుతుంది. చాలాసార్లు చిరిగేది గమ్ మాత్రం కాదు. ఈ కారణం అర్థమైన పాఠకుడు, నువ్వు చెప్పకపోయినా, లాగడం మానేసి పక్కనుంచి కోయడం మొదలుపెడతాడు. నువ్వు ఊహించని ఆకారంలో ఉన్న ఫిట్టింగ్ ఎదురైనా దారి తప్పడు.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది పియానో తీగతో గమ్‌ను కోసిన సంగతి. దాన్నే రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ ఆగి రాయి. తీగ రెండు కొసలనూ చెక్కముక్కలకు చుట్టావు, సరే. ప్లేటు మూల కిందికి మొదటి కోత ఎలా వెళ్లింది? డెక్ గీరుకుపోకుండా చుట్టూ టేపు ఎన్ని వరసలు వేశావు? తీగ ముందుకీ వెనక్కీ ఆడుతున్నప్పుడు చేతికి ఎలా తెలిసింది? ఈ గమ్ రబ్బరులా సాగుతుంది, కోసిన సందు మళ్లీ మూసుకుంటుంది. అందుకే కోసినంత మేరా ప్లాస్టిక్ చీలలు (వెడ్జ్‌లు) దూర్చుకుంటూ పోవాలి, తీగకు సబ్బునీళ్లు తగలనివ్వాలి. చీల దూర్చిన చోట తెల్లటి గమ్ దారాలు దారాలుగా సాగి, బ్లేడు తగలగానే ఒక్కొక్కటే తెగుతుంది. అంత దగ్గరగా నువ్వు చూశావు కదా, పాఠకుడికీ చూపించు. తన డెక్ మీద ఆ దారాలు కనిపించగానే పని సరిగ్గా సాగుతోందని అతనికి ధైర్యం వస్తుంది.

హీట్ గన్ దగ్గర "కొంచెం వేడి చేయాలి" అన్నావు. కొంచెం అంటే ఎంత? 5200 దాదాపు 88 సెల్సియస్ డిగ్రీల దాకా తట్టుకుంటుంది. డెక్ ఫైబర్‌గ్లాస్‌లో ఉండే మామూలు పాలిస్టర్ రెజిన్ అంతకంటే ముందే మెత్తబడొచ్చు. కాబట్టి గాలిని డెక్ మీదికి కాకుండా లోహపు ప్లేటు మీదికే పెట్టాలి, ఆ వేడి ప్లేటులోంచి గమ్‌కి దిగాలి. మరీ కాలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకు చేటు. ఆ ముక్క హీట్ గన్ పేరెత్తిన వాక్యంలోనే ఉండాలి.

అసిటోన్‌తో తుడిస్తే పోతుందన్న మాట కొట్టెయ్. గమ్ పచ్చిగా ఉన్నప్పుడే అది నిజం. గట్టిపడ్డాక డీబాండ్ లాంటి మందు సందులో పోసి, నానబెట్టి, మళ్లీ పోసి ఓపిక పట్టాల్సిందే.

"ఈజీగా వచ్చేస్తుంది" అన్న మాట మూడు చోట్ల ఉంది, మూడూ తీసెయ్. ఒక్కో ప్లేటుకి నీకు నిజంగా ఎంతసేపు పట్టిందో రాయి. అరగంట పని అనుకుని మొదలుపెట్టిన మనిషికి గంట దాటేసరికి టెన్షన్ వస్తుంది, చెయ్యి సుత్తి మీదికి పోతుంది. డెక్‌లు పాడయ్యేది ఎక్కువగా అప్పుడే.

పడవ పాత యజమానిని తిట్టిన పేరా కూడా వద్దు. నీటిమట్టం కింద ఉండే ఫిట్టింగులకూ, ఎప్పటికీ విప్పనక్కర్లేని అతుకులకూ 5200 వాడేవాళ్లు చాలామంది. నీళ్లు కారతాయన్న భయంతో ఆయన దాన్నే డెక్ మీదా పూశాడు. ఆ భయం ఎలాంటిదో ఒక్క వాక్యంలో చెప్పు, పాఠకుడు తన పడవలో ఏది ఎక్కడ వాడాలో తనే ఆలోచించుకుంటాడు.

ఇంకో సంగతి. ప్లేటు ఊడిరాగానే వ్యాసం ముగించేశావు. స్క్రూ రంధ్రంలోంచి గోధుమరంగు నీళ్లు వచ్చాయని ఫోన్లో చెప్పావే, అది వ్యాసంలో ఎందుకు లేదు? గమ్ అంత గట్టిగా పట్టుకుని ఉన్నా, స్క్రూల వెంట నీళ్లు దిగి లోపలి బాల్సా చెక్క కుళ్లుతోందన్నమాట. నువ్వు రాసినదానికంటే పెద్ద విషయం అది. కుళ్లిన చెక్కను ఎంతమేర తోడేశావో, అది ఆరడానికి ఎన్నాళ్లు పట్టిందో, ఎపాక్సీ జిగురు నింపి మళ్లీ రంధ్రం వేసి, నీళ్లు చొరనివ్వని మెత్తటి బ్యూటైల్ టేపు మీద ప్లేటు ఎలా కూర్చోబెట్టావో, ఆ పని అయ్యాకే రెండో ప్రతి రాసి పంపు. తొందరేమీ లేదు. ఈలోపు ఆ రంధ్రాల మీద టేపైనా అంటించు, అక్కడ రోజూ వానలన్నావు.

ఆశీస్సులతో,
నీ పెద్దమామయ్య