తోట అమ్మాలా, అప్పు చేయాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఎకరంన్నర కొబ్బరి తోట, ఊళ్లో సొంత డాబా ఉన్నాయి. మా అబ్బాయికి జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ సీటు వచ్చింది. వీసాకు 11,904 యూరోలు ఖాతాలో చూపించాలట. అరెకరం అమ్మమని కొందరు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి చూపించి వీసా రాగానే తీర్చేయమని కొందరు చెబుతున్నారు. మిగతా ఖర్చులు పార్ట్‌టైమ్ పనితో వాడే చూసుకుంటాడంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తోట అమ్మవద్దు, ఆ వడ్డీకి అప్పు అసలే తేవద్దు. వీసా రాగానే తీర్చేయవచ్చన్న మాట నిజం కాదు. ఆ సొమ్ము బ్లాక్డ్ అకౌంట్‌లో ఉంటుంది. అబ్బాయి అక్కడికి చేరాక నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే విడుదలవుతుంది, గది అద్దె, తిండి, నెలకు 140 యూరోలు దాటే ఆరోగ్య బీమా అన్నీ అందులోంచే జరగాలి. యూరోకు వంద రూపాయలు వేసుకున్నా అప్పు 12 లక్షలవుతుంది, దాని వడ్డీ నెలకు 24,000 రూపాయలు, అంటే 240 యూరోలు. మీరు కట్టలేని నెలలో ఆ బరువు బిడ్డ మీద పడితే, అతని నెల ఖర్చులో నాలుగో వంతు ఇక్కడి వడ్డీకే పోతుంది. మీకు అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

జర్మనీలో చదువు ఉచితమని విని ఉంటారు. చాలాచోట్ల నిజమే కానీ, స్టట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మన పిల్లలు సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు కట్టాలి. కాబట్టి మొదటి ఏడాదికి విమానం టికెట్టు కాక 15 లక్షలు సిద్ధంగా ఉండాలి. అందులో పార్ట్‌టైమ్ సంపాదనను ఒక్క రూపాయి కూడా లెక్కించకండి. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ, భాష రాని కుర్రాడికి, పరీక్షల ఒత్తిడిలో, ఆ పని వెంటనే దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

బ్యాంకు విద్యారుణానికి వెళ్లండి. ఏడున్నర లక్షలు దాటితే తనఖా అడుగుతారు. బాకీ వసూలుకు బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కనుక వారు తోట కన్నా డాబాకే మొగ్గు చూపుతారు, ఆ కాగితాలు ముందుగా సరిచేసుకోండి. రుణం నుంచి నేరుగా పంపే డబ్బుకు టీసీఎస్, అంటే విదేశానికి పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, ఉండదు. సొంత డబ్బయితే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై పడుతుంది, దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి విద్యారుణం వడ్డీపై ఎనిమిదేళ్ల మినహాయింపు కూడా ఉంది.

చదువుతున్నంత కాలం, సాధారణంగా ఆపై మరో ఏడాది కూడా, వాయిదాలు కట్టనవసరం లేదు, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కొబ్బరి కాయలు దింపి అమ్మిన దింపు డబ్బులు వచ్చినప్పుడల్లా ఆ వడ్డీ వరకు కట్టేయండి. అప్పుడు అది అసలులో కలవదు, కొడుకు ఉద్యోగంలో చేరేనాటికి అప్పు పెరిగి ఉండదు. తోట అమ్మితే ఆ దింపే ఉండదు కదా.

ప్రశ్న: పాలకొల్లు నుంచి రాస్తున్నాను. అమెరికాలో మొదటి ఏడాది చదువుతున్న మా అమ్మాయి, ఖర్చులకు చాలక ఒక దుకాణంలో నగదుకు పని చేస్తానంటోంది. చేయవచ్చా?

జవాబు: వద్దమ్మా, వెంటనే ఆపించండి. అమెరికా విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాపై తరగతులు నడిచే రోజుల్లో విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. బయట అనుమతి లేని పని బయటపడితే చదువు మధ్యలోనే తిరిగి రావలసి రావచ్చు, అప్పుడు కట్టిన ఫీజంతా పోతుంది. విదేశీ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి ఫీజును వాయిదాల్లో కట్టే వీలుందేమో అడగమనండి. లైబ్రరీ, భోజనశాల పనులకు సెమిస్టరు మొదలవకముందే దరఖాస్తు పెట్టమనండి.