మంత్రదండం పట్టుకున్న చెయ్యి

విశాఖపట్నం

ప్రియమైన తమ్ముడికి,

నీ నవల మొదటి ఆరు అధ్యాయాలూ చదివాను. రామకృష్ణా బీచ్‌లో సాయంత్రపు జనం, పాతవూరి సందులు, ఆ ఉక్కపోత, అన్నీ నమ్మించాయి. నమ్మించనిది మంత్రదండం ఒక్కటే. మూడో అధ్యాయంలో నీ కుర్రాడు ఊపుతాడు, తలుపు తెరుచుకుంటుంది. మళ్లీ ఊపుతాడు, గాయం మానుతుంది. ఊపితే చాలు అన్నీ అయిపోతుంటే పాఠకుడు ఎందుకు భయపడాలి? అది ఎలా మెరిసిందో పేరా నిండా రాశావు. ఏ చేత్తో పట్టుకున్నాడు, ఎంత బరువుంది, రెండో చెయ్యి ఏం చేస్తోంది, ఒక్క మాటా లేదు. దండం వర్ణన తగ్గించి చెయ్యి సంగతి రాయి.

మాంత్రికుడిది పాశ్చాత్య పద్ధతి అన్నావు కాబట్టి ముందు ఆ పద్ధతి చూడు. ‘కీ ఆఫ్ సాలొమన్’ అనే తంత్రగ్రంథానికి 1889లో మాథర్స్ అనే ఇంగ్లండ్ మంత్రవేత్త తెచ్చిన ఇంగ్లీషు కూర్పులో షరతులు స్పష్టంగా ఉన్నాయి. హేజెల్ చెట్టు రెమ్మ, ఒక్క ఏడాది పెరిగినదే అయ్యుండాలి. బుధవారం సూర్యోదయాన ఒకే వేటుతో నరకాలి. దాని మీద గుర్తులు చెక్కడానికీ బుధుడి వారం, బుధుడి హోరే (ఆ గ్రహం ఏలే గంట) కావాలి. పంచాంగం తిరగేసే ఇంట్లో పెరిగినవాడివి, నీకు వెంటనే తట్టాలి. ఏ రోజైనా సూర్యోదయంతో మొదలయ్యేది ఆ వారాధిపతి హోరే. బుధవారం తెల్లవారేసరికి రోజూ, హోరా రెండూ బుధుడివే. ఇంత బిగువు చేతికి అందుతుంటే నువ్వు రెమ్మని అమావాస్య అర్ధరాత్రి నరికించావు!

విశాఖలో జూన్ మొదట్లో సుమారు 5:20కే పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. కత్తి మొద్దుబారి రెండో వేటు పడిందనుకో, ఆ రెమ్మ పనికిరాదు, మళ్లీ వచ్చే బుధవారం దాకా ఆగాలి. ఆ ఏడు రోజులూ నీ కథకి పెట్టుబడి. ఏడాది రెమ్మ సన్నగా ఉంటుంది కాబట్టి నువ్వు రాసినట్టు ‘బరువైన దండం’ అందులోంచి రాదు. పైగా హేజెల్ చలిదేశాల చెట్టు. మన కంబాలకొండ అడవిలో ఎంత వెతికినా దొరకదు.

1888లో లండన్‌లో పుట్టిన ‘గోల్డెన్ డాన్’ అనే మంత్రవిద్యా సంఘం వాళ్ల తామర దండం నీ కథకి ఇంకా బాగా పనికొస్తుంది. పొడవు 24 నుంచి 40 అంగుళాలు. తలన తామర పువ్వు, పై భాగం తెలుపు, అడుగు నలుపు, మధ్యలో 12 రాశులకి 12 రంగుల పట్టీలు. ఆవాహనకి తెల్ల కొస, పారదోలడానికి నల్ల కొస. ఏ రాశితో పనుంటే ఆ పట్టీ దగ్గరే పట్టుకోవాలి. చీకట్లో వేళ్లు పక్క పట్టీ మీద పడితే ఏమవుతుందో ఆలోచించు. వాళ్లదే అగ్నిదండం ఒకటుంది, దాని లోపల అయస్కాంతంగా మార్చిన ఉక్కు తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటుంది. మన ఉప్పుగాలికి ఆ తీగ కొస తుప్పు పట్టకుండా ఉంటుందా? ఇలాంటిదొకటి పడితే ఊరూ, విద్యా కలిసిపోతాయి.

మన దండాలని మాత్రం వీటితో కలిపి వండకు. ఉపనయనంలో వటువు పట్టే మోదుగ దండం నియమానికి గుర్తు, మహిమలకి కాదు. బాలకాండలో వసిష్ఠుడి బ్రహ్మదండం సంగతి వేరు. విశ్వామిత్రుడు ఒకదాని తరవాత ఒకటిగా అస్త్రాలు వేస్తాడు, చివరికి బ్రహ్మాస్త్రం కూడా. వసిష్ఠుడు దండం పట్టుకుని నిలబడతాడంతే, అది అన్నిటినీ మింగేస్తుంది. ఎదురుదెబ్బ కొట్టదు. మింగడం ఒక్కటే తెలిసిన దండం నీ సర్వశక్తుల కర్రకన్నా వందరెట్లు ఆసక్తికరం.

ఇక ఆ మెజీషియన్ పాత్ర. స్టేజీ మీద వాడే కర్ర 12 నుంచి 15 అంగుళాలు ఉంటుంది, ఒళ్లు నలుపు, కొసలు తెలుపు. వెనక వరసలో వాడికీ దాని కదలిక కనిపించాలని ఆ తెలుపు. అసలు ప్రయోజనం చేతికి సాకు ఇవ్వడం. అరచేతిలో నాణెం దాచినప్పుడు వేళ్లు కాస్త ముడుచుకుని ఉంటాయి, వట్టి చెయ్యి అలా ఉంటే అనుమానం. కర్ర పట్టుకుంటే వేళ్లు అలా ముడుచుకోవడం సహజంగా కనిపిస్తుంది. నాణేన్ని ఎడం చేతిలో పెట్టినట్టు నటించి కుడి చేతిలోనే ఉంచుతాడు, ఎడం గుప్పిలి మూస్తాడు. కర్ర కోసం కుడి చెయ్యి జేబులోకి పోతుంది, నాణెం అక్కడ వదిలి కర్రతో బయటికొస్తుంది. ఎడం గుప్పిలి మీద కర్రతో తడతాడు, విప్పితే ఖాళీ.

ఇది చెడేది చూపు దగ్గర. కొత్తవాడు కళ్లతో కుడి చేతిని వెంబడిస్తాడు, జనమూ అటే చూస్తారు. కళ్లు ఎడం గుప్పిలి మీదే ఉండాలి. కర్ర ముందే టేబుల్ మీద కనిపిస్తుంటే జేబులోకి వెళ్లడానికి సాకే ఉండదు. నువ్వు సరిగ్గా అదే చేశావు, పేజీ మొదట్లోనే కర్రని టేబుల్ మీద పెట్టించావు. కోటూ తొడిగించావు, మే నెలలో! భుజానికి సంచి తగిలించు, చాలు.

మాయమయ్యే కర్ర వేరే. అది మెరిసే నల్ల కాగితపు గొట్టం, కొసలు మాత్రం గట్టివి. ఆ కొసలతో టేబుల్ అంచు మీద కొడితే టకటకమంటుంది, జనం నమ్ముతారు. న్యూస్‌పేపర్లో చుట్టి నలిపేస్తే కర్ర లేదు. నడిమి భాగం తగిలితే కాగితం చప్పుడు వస్తుంది, గట్టిగా పట్టుకుంటే సొట్ట పడుతుంది, ఉక్కపోతకి మెత్తబడుతుంది.

1926లో అమెరికా ఇంద్రజాలికుడు హౌడినీ అంత్యక్రియల్లో తోటి ఇంద్రజాలికులు ఒక కర్రని విరిచారు. యజమాని పోతే దాని శక్తీ పోయినట్టేనని ఆ తంతు. నీ కథలో తాత చచ్చిపోయాక కూడా దండం పనిచేస్తూనే ఉంది. ఎందుకు పనిచేస్తోందో నీకైనా తెలిసుండాలి.

రాసేముందు ఒకటి చేయించుకో. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క అద్దుతారు, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. ఆ 12 పట్టీలూ అక్కడ వేయించవచ్చు. కర్ర తేలిక, పూత నున్నన, చెమట చేతిలో జారుతుంది. జారడం కూడా రాయి.

పోలీస్ స్టేషన్ సన్నివేశాన్ని మాత్రం కదపకు. ఎస్సై ఆ దండాన్ని మామూలు కర్రముక్కలాగా చూసి, సొరుగులో పడేసి తాళం వేస్తాడు. ఆరు అధ్యాయాల్లోనూ నేను ఊపిరి బిగబట్టింది అక్కడే. కానీ వెంటనే తెల్లవారిపోయింది. ఆ రాత్రంతా వట్టి చేతులతో కుర్రాడు ఏం చేశాడో నువ్వు రాయలేదు. మిగతా దిద్దుబాట్లు తరవాత, ముందు ఆ రాత్రి రాసి పంపు.

నీ
అన్నయ్య