దయ్యం ఉందంటాడు, దేవుడు లేడంటాడు

తమ్ముడూ,

కథ చదివాను. దయ్యాలున్నాయని గట్టిగా నమ్మే నీ కథానాయకుడు దేవుడికి దండం పెట్టనంటాడు. నువ్వేమో అది వాడి తిక్క అన్నట్టు రాసుకుపోయావు. తిక్క కాదు, వాడి లెక్క వాడికుంది.

దయ్యం సంగతి చిన్నది. ఫలానా గదిలో, ఫలానా రాత్రి ఏదో కనబడిందంటాడు, కావాలంటే వెళ్లి చూసుకోమంటాడు. మతం అక్కడితో ఆగదు. సృష్టికర్త ఉన్నాడు, దయామయుడు, ఆయన చెప్పినట్టు బతకాలి అంటుంది. చచ్చాక మనిషి ఏదో రూపంలో మిగులుతాడని తేలినా, పైన ఒకరు ఏలుతున్నారని తేలదు కదా! బ్రిటిష్ తత్వవేత్త మెక్‌టాగార్ట్ ఆత్మకు చావు లేదన్నాడు, దేవుణ్ణి మాత్రం ఒప్పుకోలేదు. పైగా పసిబిడ్డలెందుకు పోతున్నారని దయ్యాన్ని ఎవరూ నిలదీయరు. సర్వశక్తిమంతుడికి ఆ ప్రశ్న తప్పదు.

చర్చి సిద్ధాంతాలకు కట్టుబడలేక ఇంగ్లిష్ తత్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్ 1869లో కేంబ్రిడ్జ్ కాలేజీలో తన ఫెలోషిప్ పదవి వదులుకున్నాడు. 1882లో లండన్‌లో దయ్యాలు, టెలిపతీ లాంటివాటిని పరిశోధించే సైకికల్ రీసెర్చ్ సొసైటీ పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడూ ఆయనే. నమ్మమంటే నమ్మలేదు, వెతకడానికి మాత్రం సిద్ధపడ్డాడు. నీ మనిషిదీ ఆ బాపతే.

ఇక మతం వైపు నుంచీ తోపుడు ఉంటుంది. చచ్చినవాళ్లను సంప్రదించడం హేయమని బైబిల్ ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చెబుతుంది. తన కళ్లతో చూశాననుకున్నదాన్ని సైతాను పని అంటే ఎవడికి మండదు?

వాడి చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వు. తేదీ, టైము, తలుపు వేసుందా తీసుందా, మొదట ఎవరికి చెప్పాడు, చెప్పకముందే రాశాడా. చూడకుండా గుర్తు చెప్పగలరా అని పరీక్షించే జీనర్ కార్డులు కూడా ఇవ్వు: వృత్తం, కూడిక గుర్తు, అలల గీతలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కోటి 5 చొప్పున 25. ఊరికే ఊహిస్తే సగటున 5 కలుస్తాయి. పదిసార్లు ఆడితే ఒకసారి 8 రావడం మామూలే. నీ డ్రాఫ్టులో 8 రాగానే వాడు గంతులేశాడు, తెలిసినవాడు వేయడు. కార్డు పలచనైతే దీపం వెలుగులో వెనక నుంచి గుర్తు కనబడుతుంది, అది ముందు చూసుకుంటాడు.

భార్య పోయిందని దేవుడి మీద అలిగాడన్న పేజీ కొట్టెయ్. కోపం వేరు, నమ్మకపోవడం వేరు. రెండూ కలిపితే చివర్లో వాడిచేత ప్రార్థన చేయించక తప్పదు, నువ్వు చేసిందీ అదే. ఆ చోట కార్డుల రాత్రి పెట్టి, తిరగరాసి పంపు.