వంద వాట్ల సంగతి తర్వాత, ముందు స్పీకర్లు చూడండి

మీరు చెప్పిన వివరాలు ఇవీ: చెన్నైలో అద్దె ఫ్లాటు, హాలు 11 అడుగులకి 15, బడ్జెట్ యాభై వేలు. వినేది ఎక్కువగా పాత తెలుగు పాటలు, కాస్త కర్ణాటక సంగీతం, రాత్రిపూట సినిమా. "వంద వాట్ల ఆంప్లిఫయర్ తీసుకుందామనుకుంటున్నా, దానికి ఏ స్పీకర్లు సరిపోతాయి?" అన్నారు. ఆ వరస తిరగేయండి. ముందు స్పీకర్లు, వాటిని బట్టి ఆంప్లిఫయర్. నేనూ మీలాగే మొదలుపెట్టి డబ్బులు తగలేసుకున్నాను.

మాది నెల్లూరు, ఇక్కడ చెన్నైలో సాలిగ్రామంలో పన్నెండేళ్లుగా ఉంటున్నాం. మా బావమరిది ఒకసారి అమెరికా నుంచి వస్తూ ఆంప్లిఫయర్ తెచ్చాడు. ఇక్కడికన్నా చాలా చవక అని ఇద్దరం తెగ సంబరపడ్డాం. ప్లగ్గు మన సాకెట్‌లో పట్టలేదు. కిందికెళ్లి నలభై రూపాయల అడాప్టర్ కొనుక్కొచ్చి, దానికి తగిలించి స్విచ్ వేశాను. టప్‌మని చప్పుడు, వెంటనే కాలిన వాసన. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఆ ముక్క వైరు పక్కనే చిన్న అక్షరాల్లో రాసే ఉంది, చదివితే కదా! ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి పట్టుకెళ్తే రిపేరు చేసే ఆయన మూత తీసి చూసి, "ట్రాన్స్‌ఫార్మర్ పోయింది సార్" అని మళ్లీ మూత పెట్టేశాడు. స్క్రూలు కూడా బిగించలేదు. మీ వాళ్లెవరైనా అక్కడి నుంచి తెస్తామంటే వెనకవైపు ఫోటో తీసి పంపమనండి. 120 ఒక్కటే ఉంటే వద్దని చెప్పేయండి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు గానీ అదో ఇనపదిమ్మ, కొందరివి గుయ్‌మంటాయి కూడా.

రెండో తప్పు టవర్ స్పీకర్లు. నడుం ఎత్తువి, షోరూమ్‌లో మహా గంభీరంగా వినిపించాయి. ఇంటికి తెచ్చి టీవీకి అటొకటి ఇటొకటి మూలల్లో నిలబెట్టాను. మృదంగం తొప్పి (బేస్ పలికే వైపు) మీద దెబ్బ పడితే ఖాళీ డ్రమ్ములో గుద్దినట్టు బుమ్మ్‌మని సాగేది. తప్పు స్పీకర్లది కాదు. 11 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య 50 హెర్ట్జ్ దగ్గరి బేస్ స్వరం అటూ ఇటూ కొట్టుకుని పోగవుతుంది. స్పీకర్‌ని మూలలో పెడితే అది ఇంకా పెరుగుతుంది. పైగా కింద టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు. కింది ఫ్లాట్ మామి రెండో రోజే పైకి వచ్చి, "మా అల్మరాలో గిన్నెలు అదురుతున్నాయి" అంది. ఏడాది తిరక్కుండా సగం ధరకి అమ్మేశాను.

మీ హాలుకి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే అరలోనో స్టాండ్ మీదో పెట్టుకునే చిన్నవి, చాలు. ఊఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) అయిదు నుంచి ఆరున్నర అంగుళాలు ఉంటే సరి. నేనిప్పుడు వాడేది వార్ఫ్‌డేల్ జత. పోల్క్, ఎలాక్ కూడా విన్నాను, ఎవరి రుచి వాళ్లది. గాత్రం ముఖ్యమైతే మాత్రం షోరూమ్ వాడు వేసే డెమో పాటలు వినకండి, అవి ఎక్కడైనా బాగానే ఉంటాయి. మీరు వంద సార్లు విన్న పాట ఫోన్‌లో పట్టుకెళ్లండి. 'స' అన్నప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటోందా, వయొలిన్ గీరుకుంటోందా చూడండి. అయిదు నిమిషాలు బాగున్నది గంటకి తలనొప్పి తెప్పించొచ్చు. కాబట్టి తీరిగ్గా కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక వాట్లు. స్పీకర్ వెనకో కాగితం మీదో సెన్సిటివిటీ అని ఉంటుంది. 86 డెసిబెల్స్ అంటే ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో అంత చప్పుడు వస్తుందని. మీరు మూడు మీటర్ల దూరంలో సోఫాలో కూర్చున్నా, రెండు స్పీకర్లు, గది గోడలు కలిసి ఆ ఒక్కో వాట్‌తోనే దాదాపు 80 డెసిబెల్స్ వినిపిస్తాయి. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 దగ్గర. అంటే రాత్రి పాటలు వినేటప్పుడు మీరు ఒక వాట్ కూడా పూర్తిగా వాడరు. మిగతాదంతా తవిల్ దెబ్బ, సినిమాలో పేలుడు లాంటి క్షణాల కోసం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలు అనిపించాలంటే వాట్లు సుమారు పది రెట్లు కావాలి. 50కీ 100కీ మధ్య తేడా వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పినంత. 1978లో వచ్చిన ఎన్‌ఏడీ 3020 అనే ఆంప్లిఫయర్ కాగితం మీద 20 వాట్లే, దాన్ని ఇప్పటికీ వెతికి కొనేవాళ్లు ఉన్నారు.

8 ఓమ్స్ (స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) దగ్గర ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, 40, 50 ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లు (ఆగకుండా ఇవ్వగలిగేవి) నిజంగా ఇచ్చేది చూసుకోండి. 'నిజంగా' అని ఎందుకన్నానంటే, అరచేతిలో పట్టే క్లాస్ డి అనే రకం ఆంప్లిఫయర్ల మీద 300 వాట్లు అని ఉంటుంది. అది 4 ఓమ్స్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో (శబ్దం అంత చెడిపోయి), పెద్ద అడాప్టర్ పెట్టినప్పుడు వచ్చే లెక్క. అయినా అవి చెడ్డవని కాదు. అంతగా వేడెక్కవు, కరెంటు తక్కువ తింటాయి, మే నెలలో ఆ సుఖం తెలుస్తుంది. పీఎంపీఓ (క్షణకాలపు లెక్కతో పెంచి చెప్పే వాట్లు) అన్న మాట కనిపిస్తే మాత్రం పక్కకి తప్పుకోండి. టీవీ కూడా కలపాలి కాబట్టి ఆప్టికల్ ఇన్‌పుట్ (టీవీ శబ్దాన్ని డిజిటల్‌గా అందుకునే రంధ్రం) ఉందో లేదో ముందే చూసుకోండి. నేనైతే మీ డబ్బులో ముప్ఫై, ముప్ఫై రెండు వేలు స్పీకర్లకి పెట్టి, మిగిలినదాంట్లో ఆంప్లిఫయర్ వెతుకుతాను.

వైరుకి వేలకి వేలు పోయకండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అయిదు మీటర్ల దూరానికి, పోనూ రానూ కలిపినా ఓమ్‌లో పదో వంతు కూడా అడ్డుపడదు. కానీ ఎరుపూ నలుపూ తారుమారు కాకుండా చూసుకోవాలి. నా విషయంలో మూడు రోజులు అదే జరిగింది. ఘంటసాల గొంతు గదంతా పలచగా పాకినట్టుంది, మనిషి లేడు, బేస్ లేదు. స్పీకర్లనే తిట్టుకున్నాను. ఆ కాలం సినిమా పాటలు మోనో కదా, రెండు స్పీకర్లలో వచ్చేది ఒకటే. అన్నీ సరిగ్గా ఉంటే గొంతు సరిగ్గా నట్టనడుమ, టీవీ వెనక ఎవరో కూర్చుని పాడుతున్నట్టు రావాలి. టార్చి వేసి చూస్తే కుడి స్పీకర్‌కి వైర్లు అటుదిటు. మార్చగానే ఆయన వచ్చి మధ్యలో కూర్చున్నాడు. ఆ రాత్రే మా ఆవిడ గోళ్ల రంగు తీసుకుని ఒక్కో జతలో ఒక వైరు చివర చుక్క పెట్టాను. ఈ పాటల్లో చాలావాటిని రికార్డు చేసింది మా ఇంటికి దగ్గర్లోనే, వడపళని, కోడంబాక్కం చుట్టుపక్కల. వింటున్నప్పుడు అది గుర్తొస్తే అదో తృప్తి.

పెట్టే చోటు విషయానికొస్తే, గోడకి అడుగున్నర, రెండడుగులు ముందుకి జరపండి. ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న భాగం) మీ చెవి ఎత్తులో ఉండాలి. స్టాండ్లు ఖరీదనిపించి నేను సిమెంట్ ఇటుకలు పేర్చి, పాత చీర చుట్టాను. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ సమాధి అంటుంది, కానీ కదలదు, అదరదు. టైల్స్ మీద జంపఖానా పరిచి, కిటికీకి మందం కర్టెన్ వేస్తే గాత్రం ఎంత తేరుకుంటుందో చూడండి. దీనికి మూడు వేలు కూడా కాలేదు. ఆంప్లిఫయర్ మార్చినప్పుడు కూడా అంత తేడా నాకు వినబడలేదు.

సెకండ్ హ్యాండ్ చూస్తానంటే ఒక్క జాగ్రత్త. కోన్ చుట్టూ ఉండే అంచు రబ్బరుదా, ఫోమ్‌దా చూడండి. మన ఊరి ఉక్కపోతకి పాత ఫోమ్ పిండైపోతుంది. జాలీ తీసి వేలితో మెల్లగా నొక్కండి. వేలికి నల్లటి పొడి అంటితే ధర ఎంత తగ్గించినా వదిలేసి రండి.