గీత తొక్కితే కోత లేదమ్మా

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. ఐదేళ్లుగా జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. మొన్న సెలక్షన్స్‌లో ఫ్లోర్ (కింద పరిచిన చాప మీద చేసే విన్యాసం)లో గీత దాటిందని 0.1 మార్కు కోశారు. సరిగ్గా ఆ కోతతోనే మూడో స్థానం పోయింది. నా ఫోన్ వీడియోలో కాలు గీత మీదే ఉంది. వాళ్ల నాన్న "జడ్జీలు అమ్ముడుపోయారు, మాన్పించేద్దాం" అంటున్నారు. పాప వారంగా ప్రాక్టీసుకు పోనంటోంది. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, ముందు రూల్ చెప్తాను. గీత కూడా ఫ్లోర్‌లో భాగమే. దాన్ని తొక్కితే కోత లేదు. గీత అవతల నేల తాకితేనే కోత. ఒక కాలు పోతే 0.1, రెండూ పోతే 0.3. కాబట్టి మడమ గానీ వేళ్లు గానీ అవతల ఆనాయా అన్నది చూడాలి. వీడియో స్లోగా పెట్టి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో రొమేనియా అమ్మాయి సబ్రీనాకూ ఇదే జరిగింది. ఫ్లోర్ ఫైనల్లో గీత దాటిందని 0.1 కోస్తే 13.700 వచ్చింది. రీప్లే చూసినవాళ్లు చాలామంది కాలు లోపలే ఉందన్నారు. ఆ కోత లేకుంటే 13.800, కంచు పతకం ఆమెదే. అదే దేశపు అనా బర్బోసుకూ 13.700 వచ్చింది, టై నియమం ప్రకారం అనానే ముందు నిలిచింది. ఆమె కంచు తనదేనని జెండా పట్టుకుని సంబరపడుతుండగా, అమెరికా అమ్మాయి జోర్డాన్ చైల్స్ కోచ్ ఎంక్వైరీ (మార్కు మళ్లీ చూడమనే అభ్యర్థన) వేశారు. జోర్డాన్ మార్కు 13.666 నుంచి 13.766 అయింది. అనా చేతిలో జెండా జారిపోయింది, ఏడ్చేసింది. తర్వాత క్రీడల కోర్టు, అందరికన్నా చివర చేసిన జోర్డాన్ విషయంలో నిమిషంలోపు వేయాల్సిన ఎంక్వైరీ 4 సెకన్లు ఆలస్యమైందని చెప్పడంతో కంచు అనాకు దక్కింది. సబ్రీనా వినతిని మాత్రం కొట్టేసింది. ముగ్గురు పిల్లల్లో ఒక్కరి తప్పూ లేదు. అది చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

2004 ఏథెన్స్‌లో కొరియా కుర్రాడు యాంగ్ తే యంగ్‌కు పారలల్ బార్స్ (జంట కడ్డీల విన్యాసం)లో మార్కుల లెక్క 10.0 నుంచి మొదలుపెట్టాల్సింది 9.9 నుంచి మొదలుపెట్టారు. తప్పు ఒప్పుకుని ముగ్గురు జడ్జీలను సస్పెండ్ చేశారు. అతని కంచు మాత్రం స్వర్ణంగా మారలేదు.

పాప వాళ్ల నాన్నకు నా సంగతి ఒకటి చెప్పండి. నేను అనంతపురంలో డ్రిల్లు మాస్టరుగా ఉండగా చాలా మీట్లలో మూల కుర్చీలో లైన్ జడ్జిగా కూర్చున్నాను. ఒక పిల్ల గాల్లో తిరిగి సరిగ్గా నా ముందే దిగింది. కాళ్లకు రాసుకున్న పొడి గుప్పుమంది. గీత దాటిందని జెండా ఎత్తేశాను. ఈవెంట్ అయ్యాక వంగి చూస్తే పొడి అచ్చు గీత మీదే ఉంది, అవతల వేలంత కూడా లేదు. పరుగున బయటికి పోతే ఆ పిల్ల అప్పటికే బస్సెక్కింది. నాకు ఎవరూ పైసా ఇవ్వలేదమ్మా, నా కన్నే పొరబడింది. ఆ పిల్లకు "నీ కాలు లోపలే ఉందమ్మా" అని చెప్పలేకపోయాను. ఇన్నేళ్లయినా ఆ అచ్చు నా కళ్ల ముందు కదులుతుంది.

మీకు ఆ అవకాశం ఉంది. వీడియోలో కాలు లోపలే ఉంటే పాపకు ఆ మాట వాళ్ల నాన్న నోటితోనే చెప్పించండి. బయట ఉంటే అదీ దాచకండి. కోచ్‌తో కూడా మాట్లాడండి: ఈసారి అనుమానం వస్తే తర్వాతి పిల్ల మార్కు బోర్డు మీద పడకముందే లేచి అడగాలి. మీరు వీడియో తీసేటప్పుడు గ్యాలరీలోంచి కాకుండా, వీలైతే పాప దిగే మూలకు ఎదురుగా నిలబడి తీయండి.