పై వేరియంట్ షాక్ అబ్జార్బర్లు బిగిస్తే నేరమా?

ప్రశ్న: మాది కింది వేరియంట్ కారు. అమ్మకు నడుము నొప్పి; గుంతల రోడ్డు మీద కుదుపులు తట్టుకోలేకపోతోంది. ఇదే మోడల్ పై వేరియంట్‌కు మెరుగైన హైడ్రాలిక్ షాక్ అబ్జార్బర్లు వస్తాయి. ప్రమాదానికి గురైన ఒక కారు నుంచి విప్పినవి ఉన్నాయనీ, స్పేసర్లు కూడా వేసి కారును రెండంగుళాలు ఎత్తు చేస్తాననీ మెకానిక్ అంటున్నాడు. ఇది చట్టవిరుద్ధమా? బీమాకు అడ్డు వస్తుందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: షాక్ అబ్జార్బర్ల సంగతి వేరు, స్పేసర్ల సంగతి వేరు. మెకానిక్ రెండింటినీ ఒకే పనిగా చెప్పడమే నాకు ఆందోళన కలిగిస్తోంది.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. వాహన మౌలిక స్వరూపం మారేలా నిర్మాణంలో చేసే మార్పునే ఈ సెక్షన్ ‘మార్పు’ అంటుంది. కేరళకు చెందిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. షాక్ అబ్జార్బర్ల రకం ఆర్‌సీలో రాయరు. కాబట్టి అదే మోడల్‌కు తయారీదారే ఇచ్చిన భాగాన్ని, ఎత్తూ బరువు సామర్థ్యమూ మారకుండా బిగిస్తే అది 52వ సెక్షన్ కిందికి రాదని నా అభిప్రాయం. అయితే వేరియంట్ మారితే ఇంజను బరువు, స్ప్రింగుల గట్టిదనం కూడా మారవచ్చు. పార్ట్ నంబరు మీ కారుకు సరిపోతుందని అధీకృత సర్వీసు కేంద్రం చేత రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట కోర్టులో నిలవదు.

స్పేసర్లు మాత్రం వద్దు. ఎత్తు పెరిగితే కారు మలుపులో నిలిచే తీరే మారిపోతుంది. అనుమతి లేని మార్పుగా తేలితే అదే చట్టంలోని 182-ఎ(4) సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఇక బీమా. ప్రమాదంలో ఎదుటివారు గాయపడితే, వాహనంలో మార్పు చేశారన్న ఒక్క కారణంతో కంపెనీ పరిహారం ఎగ్గొట్టలేదు. మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ అనుమతించిన కారణాల్లో అది లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం ఆ జాబితాలో ఉంది. మార్పు చేసి, చెప్పకుండా పాలసీ పునరుద్ధరించుకుంటే ఆ ఆయుధాన్ని మీరే కంపెనీ చేతికి ఇచ్చినట్టు. మీ సొంత కారు నష్టం విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. పాలసీ షరతు ఉల్లంఘన జరిగినా క్లెయిమును పూర్తిగా కొట్టేయకుండా 75 శాతం వరకు ఇప్పించిన తీర్పులు ఉన్నాయి. 2010 నాటి అమలేందు సాహూ కేసు అలాంటిదే, కానీ అది సొంత కారును అద్దెకు తిప్పిన వ్యవహారం. దాని మీద ఆశ పెట్టుకోకండి. బిగించే ముందే కంపెనీకి ఈ-మెయిల్ పంపి, పాలసీలో ఎండార్స్‌మెంట్ (మార్పును నమోదు చేసే రాత) అడగండి.

విప్పిన భాగాలకు బిల్లు ఉందా? దొంగసొత్తు అని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష. ఏ కారు నుంచి తీశారో, దాని రిజిస్ట్రేషన్ నంబరేమిటో బిల్లు మీద రాయించుకోండి. అయినా ప్రమాదంలో దెబ్బతిన్న కారు షాక్ అబ్జార్బరు లోపల రాడ్డు వంగిందో, ఆయిల్ సీలు చెడిందో పైకి కనిపించదు. అమ్మను కూర్చోబెట్టే కారు కదా, కొత్తవే కొనమని నా మాట.

కొనేముందు ఇప్పుడున్న వాటిని ఒకసారి పరీక్ష చేయించండి. అవి ఆయిల్ కారుస్తున్నా, బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు భాగాలు) అరిగినా, మీ వేరియంట్ భాగాలే కొత్తవి వేయిస్తే కుదుపు తగ్గవచ్చు. అప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు.